మందుల కిటికీ నుండి రోగి మంచము వరకు

పూర్వము ప్రభుత్వాసుపత్రికి పోవువారు చేతిలో ఖాళీ సీసా ఒకటి పట్టుకొని పోయెడివారు. డాక్టరు చీటి వ్రాసి ఇచ్చిన పిమ్మట కాంపౌండరు పెద్ద జాడీలోని మిక్శ్చరును ఆ సీసాలో పోసి, దాని ప్రక్కన సన్నని కాగితపు పట్టీ నొకదానిని అతికించెడివాడు. ఆ పట్టీ అంచున కత్తెరతో చేసిన గంట్లే మోతాదులు. అక్షరము రాని వానికి సైతము ఒక గంటు ఒక పూట మందని తెలిసెడిది. కత్తెర, జిగురు, కాగితము - ఇంతకంటె చవకైన శాస్త్రీయ పరికరము ఆనాటి వైద్యశాలలో మరియొకటి ఉండలేదనవచ్చును.

నేడు ఆ జాడీలు లేవు. మందులు కర్మాగారములలో తయారై, మోతాదు ప్రకారము కొలువబడి, రేకుపట్టీలలో వచ్చుచున్నవి. కాంపౌండరు అను మాట కూడ వాడుక తగ్గి ఫార్మసిస్టు అను పేరు స్థిరపడినది. మందు కలుపు పని లేనందున, కిటికీ వెనుక నిలిచి మాత్రలు లెక్కపెట్టి ఇచ్చుటయే అతని పని యని చాలమంది తలంచెదరు. అంతమాత్రమునకు ఇన్ని యేండ్ల చదువెందుకని ప్రశ్నించువారును కలరు. అయితే మిక్శ్చరు కాలమున మందు తప్పినను ఉపకారము తగ్గెడిది గాని అపకారము సాధారణముగా స్వల్పముగానే ఉండెడిది. నేటి మందులు బలమైనవి. మేలు చేయు మోతాదునకు, కీడు చేయు మోతాదునకు మధ్య గల దూరము కొన్నింటిలో మిక్కిలి తక్కువ. అందుచేత కిటికీ వెనుక పని తగ్గిన కొలదియు రోగి మంచము ప్రక్కన పని పెరిగినది. ఆ పనిని నేర్పుట ఎట్లు, నేర్పుటకు అగు వ్యయమును ఎవరు భరించవలెను అనునవి పల్నాడువంటి ప్రాంతమునకు చిన్న ప్రశ్నలు కావు.

మన దేశమున విశ్వవిద్యాలయ స్థాయిలో ఔషధశాస్త్ర బోధన 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మొదలైనది. తెలుగునాట 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆ విభాగమును ప్రారంభించెను. ఈ రెంటికి నడుమ 1948లో ఫార్మసీ చట్టము వచ్చినది. మరుసటి యేడు భారత ఫార్మసీ మండలి ఏర్పడినది. ఆ చట్టము 42వ విభాగము ప్రకారము, డాక్టరు తన రోగికి తానే ఇచ్చు సందర్భము మినహా, మందుచీటి పై మందు ఇచ్చు అధికారము రిజిస్టరైన ఫార్మసిస్టునకే కలదు.

రిజిస్టరు కావలెనన్న చదువవలసిన చదువులు ముఖ్యముగా మూడు. రెండేండ్ల డిప్లొమా ఒకటి. దానికి 500 గంటల ప్రాయోగిక శిక్షణ కావలెను. రెండవది నాలుగేండ్ల బి. ఫార్మసీ, అందు విద్యార్థి ఒక ఔషధ సంస్థలో గాని ఆసుపత్రిలో గాని 150 గంటలు పనిచేయవలెను. మూడవది 2008లో వచ్చిన ఫార్మ్ డి. ఇంటర్మీడియటు తరువాత ఆరేండ్ల చదువు. అయిదేండ్లు కళాశాలతో సంబంధము. ఆరవ యేడు పూర్తిగా ఆసుపత్రిలోనే. ఆ ఆరవ యేట ఆరు నెలలు జనరల్ మెడిసిన్ వార్డులోను, తక్కిన ఆరు నెలలు మరి మూడు విభాగములలో రెండేసి నెలల చొప్పునను గడపవలెను. దినమునకు ఎనిమిది గంటల చొప్పున ఏటికి మూడు వందల దినములు లెక్కవేసినచో 2,400 గంటలగును. డిప్లొమా శిక్షణ ఇందులో అయిదవ వంతు, బి. ఫార్మసీ శిక్షణ పదహారవ వంతు. మూడు చదువులవారును ఒకే రిజిస్టరులో చేరుచున్నారు. రోగి మంచము ప్రక్కన గడపిన కాలము మాత్రము వారిలో ఇంత భేదముగా నున్నది.

ఆ గంటలలో నేర్చునదేమో ఒక ఉదాహరణమున చూతము. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు ఎనాక్సపారిన్ అను సూదిమందు కలదు. గుండెపోటు వచ్చినవారికిని, కాలి సిరలలో రక్తము గడ్డకట్టినవారికిని దీనిని వాడుదురు. సాధారణ మోతాదు శరీరపు బరువులో కిలోకు ఒక మిల్లీగ్రాము. పన్నెండు గంటల కొకసారి. ఈ మందును శరీరమునుండి బయటికి పంపునవి మూత్రపిండములు. అవి మందముగా పనిచేయుచున్నచో మొదటి సూది మందు పూర్తిగా పోకముందే రెండవ సూది పడును, మూడవది పడును. మందు పేరుకొని, గడ్డకట్టుట ఆగుటతో సరిపోక రక్తస్రావము మొదలగును.

మూత్రపిండముల పనిని రక్తములోని క్రియాటినిన్ అను వ్యర్థ పదార్థమును కొలిచి తెలిసికొందురు. అయితే ఆ సంఖ్య ఒక్కటే చాలదు. క్రియాటినిన్ కండరములనుండి పుట్టును. కండ తక్కువైన వృద్ధులలో తక్కువ పుట్టును. కనుక వారి మూత్రపిండములు దెబ్బతినినను ఆ సంఖ్య అంతగా పెరుగదు. ఈ చిక్కును తీర్చుటకు 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అను ఇద్దరు ఒక సూత్రమును ప్రకటించిరి. 140 నుండి వయస్సును తీసివేసి, మిగిలిన దానిని కిలోలలో బరువుచే గుణించి, వచ్చిన దానిని 72 రెట్లు క్రియాటినిన్ చే భాగించవలెను. స్త్రీలకైనచో ఫలితమును 0.85 చే గుణించవలెను. ఇక లెక్క చేయుదము. ముప్పది యేండ్ల పురుషుడు, బరువు 60 కిలోలు, క్రియాటినిన్ 1.4. ఫలితము నిమిషమునకు సుమారు 65 మిల్లీలీటర్లు. డెబ్బది యేండ్ల స్త్రీ, బరువు 42 కిలోలు, క్రియాటినిన్ అదే 1.4. ఆమెకు వచ్చునది సుమారు 25. పరీక్ష కాగితము పై ఇద్దరి సంఖ్యయు ఒక్కటే. కాని ఫలితము 30 కంటె తక్కువైనప్పుడు ఎనాక్సపారిన్‌ను దినమునకు రెండుమార్లు గాక ఒక్కమారే ఇవ్వవలెను. ఆమెకు 42 మిల్లీగ్రాముల సూది ఒకటి చాలును, రెండవది ప్రమాదము.

ఈ గుణకార భాగహారములు పదవ తరగతి విద్యార్థియు చేయగలడు. ఏ మంచము వద్ద ఈ లెక్క వేయవలెనో గుర్తించుట వార్డులో తిరిగినగాని రాదు. నలుబది మంది రోగులను చూచుచు పోవు డాక్టరునకు ప్రతి చీటికి ఈ లెక్క వేయు తీరిక ఉండదు. వెంట నడచు ఫార్మసిస్టు దానిని వేసి, "అయ్యా, ఈమెకు రాత్రి సూది ఆపవలెనేమో" యని చెప్పగలిగినచో అతని జీతము ఆ పూట సార్థకమైనట్లే. అట్లు చెప్పుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యము పుస్తకము వలన వచ్చునది కాదు.

పల్నాటికి ప్రత్యేకమైన ఉదాహరణము వేరొకటి కలదు. నాగార్జునసాగరు కుడికాలువ వచ్చిన తరువాత ఈ సీమలో ప్రత్తియు మిరపయు విస్తారముగా పండుచున్నవి. ఆ పైరులకు పురుగుమందు కావలెను. తెలుగులో ప్రాణము నిలుపుదానికిని, పురుగును చంపుదానికిని మందు అనియే పేరు. క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు, పొరబాటుననో మనస్తాపముననో మనిషి శరీరములో ప్రవేశించినప్పుడు, అసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అను ఎంజైమును పనిచేయకుండ కట్టివేయును. నరముల చివరల పుట్టు అసిటైల్‌కోలిన్ అను పదార్థమును ఎప్పటికప్పుడు విరిచివేయుట ఆ ఎంజైము పని. అది ఆగిపోగా అసిటైల్‌కోలిన్ పేరుకొనును. నోట చొంగ కారును, చెమట పట్టును, కంటిపాప సూదిమొనవలె కుంచించుకొనును, ఊపిరితిత్తులలో నీరు నిండి రోగి తన స్రావములలో తానే మునిగిపోవును.

దీనికి విరుగుడు అట్రోపిన్. అది అసిటైల్‌కోలిన్ కూర్చుండవలసిన స్థానములను తాను ఆక్రమించుకొనును. వైద్యులు అనుసరించు ఒక పద్ధతి ప్రకారము మొదట 1.8 మిల్లీగ్రాములు మొదలు 3 మిల్లీగ్రాముల వరకు ఇచ్చి, ఊపిరితిత్తులు తేటపడు వరకు అయిదేసి నిమిషములకు మోతాదును రెట్టింపు చేయుచు పోవుదురు. మన ఆసుపత్రులలో దొరకు అట్రోపిన్ గాజుగొట్టములో సాధారణముగా ఉండునది 0.6 మిల్లీగ్రాములు. మొదటి మోతాదు మూడు గొట్టములు. అయిదు నిమిషములకు ఆరు. పది నిమిషములకు పన్నెండు. పదునైదవ నిమిషమున ఇరువది నాలుగు. కూడినచో నలుబది అయిదు. పావుగంటలో ఒక్క రోగికి 45 గొట్టములు! తరువాత ఇచ్చిన మొత్తములో పదవ వంతు మొదలు అయిదవ వంతు వరకు గంటగంటకు ఎక్కించుచుండవలెను. అనగా గంటకు మరి నాలుగైదు మొదలు తొమ్మిది గొట్టములు. ఇది పూర్తిగా ఆసుపత్రిలో, వైద్యుని కనుసన్నలలో జరుగవలసిన చికిత్స యని వేరుగ చెప్పనక్కరలేదు. గురజాలలోనో మాచర్లలోనో రాత్రి పదకొండు గంటలకు అట్టి రోగి వచ్చినప్పుడు అలమరలో ఇరువది గొట్టములు మాత్రమే యున్నచో, డాక్టరు ఎంత సమర్థుడైనను ఫలమేమి? ప్రత్తికి, మిరపకు మందు చల్లు నెలలు ఏవో గుర్తెరిగి, ఆ నెలలలో ఎన్ని గొట్టములు నిలువ ఉండవలెనో ముందుగా లెక్కవేసి తెప్పించుట ఫార్మసిస్టు పని. పాముకాటు విరుగుడు విషయమును ఇట్టిదే. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి - ఈ నాలుగింటికి కలిపి ఒకే మందు తయారగుచున్నది. అది పొడి రూపమున వచ్చినదో ద్రవ రూపమున వచ్చినదో చూడవలెను. ద్రవమైనచో 2 డిగ్రీలకు 8 డిగ్రీలకు మధ్య చల్లదనమున ఉంచి తీరవలెను.

చల్లదనపు మాట వచ్చినది గనుక రెంటచింతలను తలంచక తప్పదు. వేసవిలో వార్తాపత్రికలు ఉష్ణోగ్రతల పట్టిక వేసినప్పుడెల్ల ఆ ఊరి పేరు పైవరుసలోనే కనిపించును. 45 డిగ్రీలు దాటిన దినములు అచట కొత్త కావు. మాత్రల పెట్టెలలో చాలవాటి మీద 25 లేక 30 డిగ్రీలకు లోబడి ఉంచవలెనని వ్రాసి యుండును. ఇన్సులిన్, కాన్పు సమయమున రక్తస్రావము ఆపు ఆక్సిటోసిన్ వంటివి వేడికి శక్తిని కోల్పోవును. చూచుటకు మందు మందువలెనే యుండును, పనిచేయదు. కరెంటు పోయిన మధ్యాహ్నము రిఫ్రిజిరేటరు తలుపు ఎన్నిమార్లు తెరచిరి, లోని ఉష్ణమాపకము ఎంత చూపినది అను లెక్కను దినదినము వ్రాయువాడు ఆసుపత్రిలో ఒకడుండవలెను.

ఇక కొరత విషయము. కొరత యనగానే చదివినవారు లేరని అర్థము చేసికొనరాదు. నరసరావుపేట పరిసరములలోనే ఫార్మసీ కళాశాలలు కలవు. ఏటేట పట్టభద్రులు బయటికి వచ్చుచున్నారు. వారిలో అనేకులు హైదరాబాదు, విశాఖపట్టణముల ఔషధ కర్మాగారములకో, మందుల కంపెనీల ప్రతినిధులుగనో, విదేశములలో పై చదువులకో పోవుచున్నారు. ఆసుపత్రిలో పనిచేయ నేర్చినవారు, ఆ పనికి పల్నాటిలో నిలుచువారు తక్కువ. ఉన్న ఉద్యోగముల లెక్కయు అట్లే యున్నది. ఇరువదినాలుగు గంటలు తెరచియుండు ఆసుపత్రిలో మందుల కిటికీ ఒక్కటే యనుకొన్నను, దినమునకు మూడు పాళ్ల చొప్పున వారమునకు 21 పాళ్లు. ఒక మనిషి వారమునకు ఆరు పాళ్లు చేయును. 21 ని 6 చే భాగించిన మూడున్నర. సెలవులు, జబ్బులు కలుపుకొన్నచో నలుగురు కావలెను. ఇది కిటికీకి మాత్రమే. వార్డులో డాక్టరు వెంట నడచుటకు అయిదవ మనిషి కావలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఒక్కరే ఫార్మసిస్టు ఉన్నచో, ఆమె సెలవు పెట్టిన దినమున నర్సు ఆ తాళపుచెవులు తీసికొనును.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లానుండి పల్నాడు వేరై, నరసరావుపేట ముఖ్యపట్టణముగా ప్రత్యేక జిల్లా అయినది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ప్రాంత జనసంఖ్య సుమారు 20 లక్షలు. జిల్లా వేరైనను పెద్ద జబ్బు వచ్చినచో పోవునది గుంటూరు పెద్దాసుపత్రికే. మాచర్ల నుండి అది నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఫార్మసిస్టుల శిక్షణయు అదే త్రోవను పోవుచున్నది. ఫార్మ్ డి నడుపదలచిన కళాశాలకు 300 పడకలకు తక్కువ గాని ఆసుపత్రితో ఒప్పందముండవలెనని నియమము. సాధారణముగా ఏరియా ఆసుపత్రి నూరు పడకలది. అందుచే పల్నాటి బిడ్డ శిక్షణ కొరకు పట్టణమునకు పోవును, పోయినచోటనే పరిచయములు, ఉద్యోగావకాశములు ఏర్పడును, తిరిగి రాడు.

రెసిడెన్సీ యను మాట ఇచట గమనింపదగినది. 1889లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరచినప్పుడు విలియం ఆస్లర్ మొదలగువారు యువ వైద్యులను ఆసుపత్రిలోనే నివసింపజేసి పని నేర్పు పద్ధతి పెట్టిరి. నివసించుట వలన రెసిడెంటు అను పేరు వచ్చినది. ఫార్మసీలో ఈ పద్ధతికి మూలపురుషుడు హార్వే విట్నీ. 1927లో మిచిగన్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో ఆయన ఫార్మసిస్టులకు శిక్షణ మొదలుపెట్టెను. 1962లో ఆసుపత్రి ఫార్మసిస్టుల సంఘము ఇట్టి శిక్షణలకు గుర్తింపు ప్రమాణములను ఏర్పరచెను. నేడు ఆ దేశమున పట్టా పొందిన తరువాత ఒక యేడు రెసిడెన్సీ చేయుట ఆసుపత్రి ఉద్యోగమునకు వాడుకైన త్రోవ.

అక్కడ దానికి డబ్బెవరిత్తురు? వృద్ధుల వైద్యమునకై 1965లో పుట్టిన మెడికేర్ అను ప్రభుత్వ నిధి, మొదటి యేటి ఫార్మసీ రెసిడెన్సీకి ఆసుపత్రి పెట్టు వ్యయములో తన వంతు భాగమును ఇచ్చుచున్నది. ప్రత్యేక విభాగములకు సంబంధించిన రెండవ యేటికి ఇచ్చు సహాయమును మాత్రము 2003లో తొలగించిరి. ఇంగ్లండులో పట్టభద్రుడు ఫార్మసిస్టుగా రిజిస్టరు కాకముందు ఒక యేడు వేతనముతో శిక్షణ పొందును. దానికి జాతీయ ఆరోగ్య సేవ నిధులున్నవి. ఈ రెండు దేశములును సంపన్న దేశములని కొట్టివేయవచ్చును గాని, శిక్షణ పొందువాడు ఆ యేడంతయు ఆసుపత్రికి పనిచేయుచున్నాడు గనుక అతనికి కూలి ఈయవలెనన్న న్యాయము సంపదతో ముడిపడినది కాదు.

మన రాష్ట్రమున పరిస్థితి విచిత్రముగ నున్నది. హౌస్ సర్జనుగా పనిచేయు వైద్య విద్యార్థికి ప్రభుత్వ కళాశాలలో ప్రభుత్వము స్టైపెండు ఇచ్చును. ఫార్మసీ విద్యార్థుల విషయమున 2008 ప్రాంతమునుండి బోధనా రుసుముల తిరిగి చెల్లింపు పథకము, పేర్లు మారుచు, అమలులో నుండినది. అనగా కళాశాల తరగతిగదికి ప్రజల డబ్బు వెళ్లుచున్నది. అదే విద్యార్థి ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టునప్పటికి ఆ చేయి ముడుచుకొనుచున్నది. అనేకచోట్ల ఫార్మ్ డి విద్యార్థి ఆరవ యేడు కూలి లేకుండ పనిచేయును. కొన్నిచోట్ల ఆ యేటికిని రుసుము చెల్లించును. పట్టణమున గది అద్దె, భోజనము తండ్రి పంపవలెను. మిరపకు ధర పడిపోయిన యేట ఆ తండ్రి ఏమి పంపగలడు?

శిక్షణకు ప్రభుత్వము డబ్బు పెట్టి కొరతను తగ్గించుట మనకు తెలియని విద్య కాదు. 2018లో ఆయుష్మాన్ భారత్ క్రింద ఉపకేంద్రములను ఆరోగ్య కేంద్రములుగా మార్చునప్పుడు, నర్సింగు చదివినవారికి ఆరు నెలల సామాజిక ఆరోగ్య శిక్షణ ఇచ్చి వానిలో నియమించుటకు ఏర్పాటు జరిగినది. శిక్షణ వ్యయము జాతీయ ఆరోగ్య మిషన్ నిధులనుండి వచ్చినది. శిక్షణకు చివర ఉద్యోగము సిద్ధముగా నుండుట ఆ ఏర్పాటులోని మేలైన అంశము. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లాలోనే చిలకలూరిపేట వద్ద లింగంగుంట్లలో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టరు కార్యక్రమము ఆ నర్సులను ఆధారము చేసికొనియే నడచినది. గ్రామ కేంద్రములలో నూరు రకములకు మించిన మందులు ఉంచవలెనని నిర్ణయించిరి. ఆ మందులను నిలువచేయుట, గడువు చూచుట, రోగికి చెప్పి ఇచ్చుట నర్సు మీదనే పడినది. కార్యక్రమముల పేర్లు ప్రభుత్వములతో పాటు మారుచుండును. నూరు రకముల మందులను చూచుకొనువారెవరన్న ప్రశ్న మాత్రము మారదు.

వ్యయమెంత యగునో ఊహించి చూతము. ఏటికి పన్నెండుమంది రెసిడెంట్లు, ఒక్కొక్కరికి నెలకు 15 వేల రూపాయలని అనుకొన్నచో 21 లక్షల 60 వేలు. వారికి నేర్పుటకు అనుభవజ్ఞులైన ఇద్దరు శిక్షకులు, నెలకు 60 వేల చొప్పున 14 లక్షల 40 వేలు. మొత్తము 36 లక్షలు. ఈ అంకెలు లెక్క కొరకు అనుకొన్నవే. పోలికకు పల్నాటిలోనే ఒక సంఖ్య కలదు. పిడుగురాళ్లలో ప్రభుత్వ వైద్య కళాశాలకు కేంద్రము 60 వంతులు, రాష్ట్రము 40 వంతులు భరించు పథకము క్రింద అనుమతి వచ్చినది; 2021లో శంకుస్థాపన జరిగినది. ఆ పథకము మూడవ దశలో ఒక్కొక్క కళాశాలకు వేసిన అంచనా 325 కోట్ల రూపాయలు. మన 36 లక్షలు అందులో సుమారు తొమ్మిది వందవ వంతు. కట్టడము ఒకమారు పెట్టు ఖర్చు, శిక్షణ ఏటేట పెట్టు ఖర్చు గనుక ఈ పోలిక సరిసమానమైనది కాదు. అయినను పరిమాణమును ఊహించుకొనుటకు పనికివచ్చును.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. స్టైపెండు పేరిట తక్కువ కూలికి మనుషులను తెచ్చి, ఖాళీగానున్న స్థిర ఉద్యోగములను నింపకుండ కాలము గడుపుదురన్నది మొదటిది. ఇది నిజముగా జరుగగల కీడు. రెసిడెంటును కిటికీలో కూర్చుండబెట్టి మాత్రలు లెక్కించు పని చేయించినచో అది శిక్షణ కాదు, చౌక కూలి. రెండవ ఆక్షేపణ ఇంతకంటె గట్టిది. శిక్షణ ముగిసిన తరువాత చేరుటకు ఉద్యోగమేది? ఫార్మసీ వృత్తి నియమావళికి 2021లో వచ్చిన సవరణ క్లినికల్ ఫార్మసిస్టు అను పేరును గుర్తించినది. పేరు పుట్టినంత మాత్రమున ప్రతి ఆసుపత్రిలో పోస్టు పుట్టదు. జీతపు పట్టికలో పోస్టు లేకుండ శిక్షణ మొదలుపెట్టుట బావి త్రవ్వక చేద కొనుట వంటిది. అందుచే పోస్టులు ముందు, తరువాతనే రెసిడెన్సీ. కనీసము రెండును ఒకే ఉత్తరువులో రావలెను.

శిక్షణ ఎచట జరుగవలెనన్నది మరియొక ముఖ్య విషయము. గ్రామీణ ప్రాంతములలో ఆరోగ్య సిబ్బందిని నిలుపుట గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సిఫారసులు ప్రకటించెను; 2021లో వాటిని సవరించి మరల వెలువరించెను. గ్రామీణ ప్రాంతములనుండి వచ్చిన విద్యార్థులను చేర్చుకొనుట, చదువు కాలముననే వారిని గ్రామీణ వైద్యశాలలలో పనిచేయించుట ఆ సిఫారసులలో కలవు. ఈ లెక్కన వినుకొండ, దాచేపల్లి, కారెంపూడి పిల్లలకు ప్రాధాన్యమిచ్చి, ఏడాదిలో సగము గుంటూరు పెద్దాసుపత్రి మెడిసిన్ వార్డులోను, తక్కిన సగము నరసరావుపేట, గురజాల, మాచర్ల ఆసుపత్రులలోను గడపునట్లు చేయవచ్చును. గుంటూరులో వారు కఠినమైన కేసులను చూతురు. మాచర్లలో అర్ధరాత్రి వచ్చిన పురుగుమందు కేసునకు అట్రోపిన్ లెక్కవేయుదురు. వేసవిలో ఇన్సులిన్‌ను కాపాడుదురు. ఏ ఊరివారు ఏ మందును సగములో మానివేయుదురో, ఎందుకు మానివేయుదురో తెలిసికొందురు. నివసించుటకు ఆసుపత్రి ఆవరణలో ఒక గది కూడ కావలెను. ఈ పట్టణములలో ఒంటరి ఆడపిల్లకు అద్దె గది దొరకుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

ఇంతవరకు వచ్చిన తరువాత చిన్నదిగా కనిపించు చిక్కొకటి అడ్డువచ్చును. గుంటూరు పెద్దాసుపత్రి వైద్యవిద్యా శాఖ క్రిందిది. ఏరియా ఆసుపత్రులు వేరొక శాఖ క్రిందివి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు ప్రజారోగ్య శాఖవి. రెసిడెంటు ఒకే యేడాదిలో ఈ మూడింటిలోను పనిచేసినచో అతని హాజరు ఎవరు వ్రాయవలెను, స్టైపెండు బిల్లుపై ఎవరు సంతకము పెట్టవలెను? నర్సుల శిక్షణలో వ్యయమంతయు జాతీయ ఆరోగ్య మిషన్ అను ఒకే పద్దు నుండి వచ్చినది గనుక ఈ తగవు పుట్టలేదు. ఫార్మసిస్టుల కొరకును అటువంటి ఒక్క పద్దును, సంతకము పెట్టుటకు జిల్లా స్థాయిలో ఒక్క అధికారిని ముందుగా నిర్ణయించినచో, నరసరావుపేటలో మొదటి పన్నెండుమందిని చేర్చుకొనుటకు ఒక విద్యాసంవత్సరము చాలును.